ప్రేమలు పుడతాయని ఫ్రంటు నుంచి పంపేశారా? స్పెయిన్ మిలిసియానాల మీద చర్చ

బెజవాడ లైబ్రరీ (చర్చ మొదలుపెట్టినది)

అందరికీ నమస్తే. పోయిన ఆదివారం మా చదువరుల సమావేశంలో స్పెయిన్ అంతర్యుద్ధం గురించి మాట్లాడుకున్నాం. మాటల మధ్యలో ఒక పెద్దాయన లేచి, "తుపాకులు పట్టిన ఆ అమ్మాయిల్ని వెనక్కి పంపడమే అక్కడి ప్రభుత్వం చేసిన మంచి పని. ఆడా మగా ఒకే కందకంలో పడుకుంటే ప్రేమలు పుడతాయి. ప్రేమలు పుట్టాక యుద్ధం ఎవడు చేస్తాడు?" అన్నారు. హాల్లో సగం మంది తలలూపారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. 1936 ఫిబ్రవరిలో ఎన్నికల్లో గెలిచిన గణతంత్ర ప్రభుత్వం మీద జూలైలో సైన్యాధికారులు తిరగబడ్డారు. కొద్ది నెలల్లోనే ఫ్రాంకో వాళ్లకు అధినేత అయ్యాడు. హిట్లర్ విమానాలు పంపాడు, ముస్సోలినీ విమానాలతో పాటు వేల మంది సైనికుల్నీ పంపాడు. ప్రభుత్వం చేతిలో నమ్మదగ్గ సైన్యం పెద్దగా మిగల్లేదు. కార్మిక సంఘాలూ పార్టీలూ రాత్రికి రాత్రి మిలీషియాలు, అంటే మామూలు జనంతో సాయుధ దళాలు, కట్టాయి. లారీలెక్కి కొండల మీదికి వెళ్లిన ఆ గుంపుల్లో ఆడపిల్లలు కూడా ఉన్నారు. వాళ్లనే మిలిసియానాలు అన్నారు. మొదటి రెండు మూడు నెలలు పోస్టర్ల నిండా వాళ్ల బొమ్మలే. ఆకులు రాలే కాలం వచ్చేసరికి నినాదం మారింది: మగవాళ్లు ఫ్రంటుకి, ఆడవాళ్లు వెనక పనులకి. 1937 వసంతం నాటికి చాలామందిని ఫ్రంటు నుంచి తప్పించేశారు.

నా మాట ఇది. వాళ్లని పంపేయడం అన్యాయం. దానికి ప్రేమనీ శరీరాన్నీ సాకుగా చూపడం ఇంకా పెద్ద అన్యాయం. ఆ యుద్ధంలో మనుషుల్ని నిలబెట్టిన వాటిలో ప్రేమ ఒకటి. మీరేమంటారు?

జవాన్ బిడ్డ, విజయనగరం

మేడమ్, మా నాన్న ఇరవై రెండేళ్లు సైన్యంలో చేశారు. నేను ఆ క్వార్టర్స్‌లో పెరిగినవాణ్ణి. కోపగించుకోకండి, మీరు సైన్యం వైపు నుంచి ఆలోచించలేదనిపించింది.

1936 ఆగస్టు, సెప్టెంబరు ఎలా గడిచాయో చూడండి. ఆగస్టు 14న బదహోస్ పోయింది. సెప్టెంబరు మొదటి వారంలో తలవేరా, నెలాఖరుకి టోలెడో పోయాయి. నవంబరుకి ఫ్రాంకో మద్రిడ్ గుమ్మంలో ఉన్నాడు. ఎదుట ఉన్నది మొరాకోలో రాటుదేలిన సైన్యం. ఇటువైపు మిలీషియాల్లో ఆర్డరు వేస్తే ఓటింగు పెట్టేవాళ్లు, బుద్ధి పుట్టినప్పుడు ఇంటికి వెళ్లొచ్చేవాళ్లు. దాన్ని సైన్యంగా మార్చకపోతే మద్రిడ్ ఆ నవంబరులోనే పడిపోయేది. మద్రిడ్ 1939 మార్చి దాకా నిలిచిందంటే ఆ మార్పు వల్లే. అంత పెద్ద మార్పులో కొందరికి అన్యాయం జరిగి ఉండొచ్చు. కానీ దాన్ని ఆడవాళ్ల మీద కుట్ర అనడం సరికాదు.

ప్రేమ సంగతి కూడా తేలిగ్గా తీసెయ్యొద్దు. పక్కనున్నది తను ప్రేమించిన మనిషైతే, గుండు తగిలినప్పుడు పోస్టు వదిలి పరిగెత్తుతాడు. ఆ ఖాళీలోంచి శత్రువు వస్తాడు. నాన్న ఎప్పుడూ అనేవారు, కందకంలో అందరూ ఒకటే బరువు ఉండాలని.

డాక్టరమ్మ, వరంగల్

ఒకటే విషయం చెప్పి పోతాను, డ్యూటీ ఉంది.

మిలిసియానాలను పంపేసేటప్పుడు గట్టిగా వినబడిన ఆరోపణ క్రమశిక్షణ గురించి కాదు, సుఖవ్యాధుల గురించి. వీళ్ల వల్లే సైనికులకు సిఫిలిస్, గనేరియా అంటుతున్నాయని ప్రచారం చేశారు. పెన్సిలిన్ ఇంకా వైద్యంలోకి రాని కాలం. సిఫిలిస్‌కి ఆర్సెనిక్ మందులే గతి, అవి నెలల తరబడి ఎక్కించాలి. కాబట్టి భయం నిజమైనదే, జబ్బు కూడా నిజమైనదే. కానీ జబ్బు వస్తున్నది ప్రధానంగా నగరాల్లో వేశ్యావాటికల నుంచి. సెలవు దొరికిన సైనికుడు బార్సిలోనా, మద్రిడ్, వలెన్సియా వెళ్లి తెచ్చుకునేవాడు. ఆ క్యూలు ఎవరూ మూయించలేకపోయారు. ఫ్రంటులో తుపాకీ పట్టుకున్న దర్జీ పిల్ల మీద మాత్రం ఆ పేరు పడింది.

ఇప్పటికీ మా ఓపీలో చూస్తాను. జబ్బు మొగుడు తెస్తాడు, మాట పడేది ఆవిడ. అందుకే నాకిది తొంభై ఏళ్ల కిందటి సంగతిలా అనిపించదు.

నిదానం

బెజవాడ లైబ్రరీ గారూ, మీ ప్రశ్న బాగుంది. కానీ మీరు మీ వాదనకి అనుకూలమైనవే తీసుకుంటున్నారేమో అని నా అనుమానం. మికా ఎచెబెహెరె కథ తీసుకోండి.

ఆమె అర్జెంటీనాలో పుట్టిన యూదు అమ్మాయి, 1902లో. 1920లో బ్యూనస్ ఐరిస్‌లో ఇప్పోలీత్ పరిచయమయ్యాడు. అప్పట్నుంచి ఇద్దరూ విడిగా లేరు. అతనికి క్షయ. బెర్లిన్‌లో హిట్లర్ అధికారంలోకి రావడం కళ్లారా చూశారు. 1936 జూలైలో తిరుగుబాటు మొదలయ్యే నాటికి ఇద్దరూ మద్రిడ్‌లో ఉన్నారు. స్టాలిన్‌ని వ్యతిరేకించే పోమ్ అనే మార్క్సిస్టు పార్టీ దళానికి ఇప్పోలీత్ నాయకుడయ్యాడు. ఆగస్టు 16న అతియెంసా అనే ఊరి దగ్గర చనిపోయాడు. తిరుగుబాటు మొదలై నెల కూడా కాలేదు.

మికా ఆ దళంతోనే ఉండిపోయింది. సిగ్వెన్సాలో కెథెడ్రల్లో చిక్కుకుపోయి, ఫిరంగులు గోడలు కూలుస్తుంటే కొద్దిమందితో బయటపడింది. తర్వాత కెప్టెన్ అయింది. మగవాళ్లు ఆమె ఆజ్ఞ విన్నారు. ఎందుకు విన్నారో ఆమే రాసుకుంది. దళంలో ఎవరితోనూ సంబంధం పెట్టుకోననీ, భర్త జ్ఞాపకం తప్ప వేరే ప్రేమ తనకు లేదనీ వాళ్లకు తెలిసేలా బతికింది. వాళ్ల దృష్టిలో ఆమె ఆడమనిషీ కాదు, మగవాడూ కాదు. అంటే ప్రేమని పక్కన పెట్టాకే నాయకత్వం దక్కింది కదా. మరి ఆ పెద్దాయన అన్నదాంట్లో కొంతైనా నిజం లేదంటారా?

మూసీ ఒడ్డు, సూర్యాపేట

నిదానం అన్నా, నువ్వు చెప్పిన కథనే నేను వేరే తీరుగ చదువుకున్న. ఆమె ప్రేమను పక్కకు పెట్టలేదు. ఆయన పోయినంక ఆయన దళాన్నే పట్టుకున్నది. గది ప్రేమ గాక ఇంకేంది?

ఇంకొక ముచ్చట. అదే మికా దళానికి వేరే బెటాలియన్ నుంచి ఇద్దరు పిల్లలు వచ్చిండ్రు. అక్కడ తమతోటి గిన్నెలు తోమిపిస్తుండ్రు, బట్టలు ఉతికిపిస్తుండ్రు అని. అందుల ఒకామె, మాన్యువెలా అట, చేతిల వంటింటి గుడ్డ పట్టుకొని సచ్చిపోనీకి నేను ఫ్రంటుకు రాలేదన్నది. మికా దళంల మగోళ్లు గూడ ఊడ్సుడు, బట్టలుతుకుడు చేసేది. చలికాలం కందకాలల్ల దగ్గు పట్టుకుంటే మికా రాత్రిపూట సీసా, చెంచా పట్టుకొని ఒక్కొక్కని దగ్గరికి పోయి దగ్గుమందు పోసేదట. తుపాకులు పట్టిన మొగోళ్లు చిన్నపిల్లల లెక్క నోర్లు తెరిచేది. ఇది చదివినప్పుడు నాకు మా నాయనమ్మ యాదికొచ్చింది.

మా నాయనమ్మ సాయుధ పోరాటంల దళాలకు అన్నం మోసింది. 15 ఏండ్లు అప్పుడామెకు. సద్దిమూట కింద కాయితాలు పెట్టుకొని పోయేది. మన దిక్కు మల్లు స్వరాజ్యం తుపాకి పట్టి దళాన్ని నడిపింది, ఆమె తల మీద పదివేల వెల పెట్టిండ్రు. ఆరుట్ల రామచంద్రారెడ్డి, కమలాదేవి ఆలుమగలిద్దరు పోరాటంలున్నరు. వాళ్ల ప్రేమ వల్ల పోరాటం ఏడ ఆగింది? 1951ల పోరాటం ఆపినంక మా నాయనమ్మకు చెప్పిన మాట ఒక్కటే: ఇగ ఇంటికి పో బిడ్డా, పెండ్లి చేసుకో, పిల్లల్ని సాదుకో. ఆమె నడిచిన తొవ్వలన్ని ఆమెకు యాదికుండె. అడిగినోడు లేడు. సచ్చిపోయేదాక ఆ మాట ఆమె గొంతుల ముల్లు లెక్క ఉండె.

స్పెయిన్ వేరు, మనది వేరు, నాకు ఎరుకే. కని ఇంటికి పంపే మాట మాత్రం రెండు దిక్కుల ఒక్కటే తీరుగున్నది.

బెజవాడ లైబ్రరీ

మూసీ ఒడ్డు తమ్ముడూ, మీ నాయనమ్మ గారి మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

జవాన్ బిడ్డ గారూ, నేను సైన్యం వైపు నుంచి ఆలోచించలేదన్న మాట కొంత ఒప్పుకుంటున్నా. మిలీషియాలను సైన్యంగా మార్చాల్సిందే, అందులో నాకు పేచీ లేదు. క్రమశిక్షణ కావాలంటే నేర్పాలి. తూటా వేయడం రాని మగ రైతుకి నేర్పారు. ఆ అమ్మాయిలకి ఎందుకు నేర్పలేదు?

ఇక రొసారియో సాంచెజ్ మోరా గురించి చెబుతాను. ఈ చర్చ మొత్తం నాకు ఆమె దగ్గరే మొదలైంది.

1919లో పుట్టింది, మద్రిడ్ దగ్గర విల్యరెహో అనే ఊళ్లో. మద్రిడ్‌కి వచ్చి, యువజన సంఘం నడిపే చోట కుట్టుపని నేర్చుకుంటోంది. తిరుగుబాటు మొదలవగానే వాలంటీర్లు కావాలని అక్కడికొచ్చి అడిగారు. ఆడవాళ్లు కూడా రావచ్చా అని అడిగి పేరిచ్చింది. 17 ఏళ్లు. సొమోసియెర్రా కొండల్లో పెట్టారు. తర్వాత బాంబులు తయారుచేసే జట్టులో వేశారు. ఖాళీ పాలడబ్బాల్లో డైనమైట్, మేకులు, ఇనుప ముక్కలు కూరి, ఒత్తి పెట్టేవాళ్లు. సెప్టెంబరులో ఒక రోజు వాన తడికి ఒత్తి చెమ్మగిల్లింది. పైకి మంట కనబడలేదు, లోపల కాలిపోయింది. కుడి చెయ్యి పోయింది.

అక్కడితో ఇంటికెళ్లి కూర్చోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. ఆమె మళ్లీ వచ్చింది. మొదట టెలిఫోన్ ఎక్స్చేంజిలో, తర్వాత 46వ డివిజన్‌లో తపాలా బాధ్యత. ఫ్రంటుకీ మద్రిడ్‌కీ మధ్య ఉత్తరాలు మోసింది. ఎడమ చేత్తో సంచి పట్టుకుని, బాంబులు పడే దారుల్లో. ఆ సంచిలో ఏముంటాయి? భార్యల ఉత్తరాలు, అమ్మల ఉత్తరాలు, పెళ్లి కావలసిన పిల్లలు రాసినవి. ప్రేమ వల్ల సైన్యం చెడుతుందనుకుంటే ఆ సంచి ఆపేయాలి కదా. ఏ సేనాపతీ ఆపలేదు. ఉత్తరం రాకపోతే సైనికుడు కుంగిపోతాడని వాళ్లకి బాగా తెలుసు. కవి మిగెల్ ఎర్నాండెజ్ ఆమె మీద కవిత రాశాడు, దాంతో 'డైనమైటు పిల్ల'గా దేశమంతా తెలిసింది.

1937 సెప్టెంబరులో పాకో అనే సైనికుణ్ణి పెళ్లాడింది. సివిల్ పెళ్లి, చర్చి లేదు. అతను ఫ్రంటుకి వెళ్లిపోయాడు, 1938 జూలైలో కూతురు పుట్టింది. 1939లో ఓటమి. అలికాంతెలో దొరికిపోయింది. 30 ఏళ్ల శిక్ష వేశారు, ఒక జైలు నుంచి ఇంకో జైలుకి తిప్పారు, 1942లో వదిలారు. బయటికొచ్చి భర్త ఎక్కడున్నాడని వెతికింది. అతను ఇంకో పెళ్లి చేసుకున్నాడు, పిల్లలున్నారు. చట్టం ప్రకారం అతను చేసింది తప్పు కాదు. ఎందుకంటే గణతంత్రం తెచ్చిన సివిల్ వివాహ చట్టాన్ని ఫ్రాంకో 1938 మార్చిలోనే కొట్టేశాడు. ఆ పెళ్లిళ్లు చెల్లవన్నారు. ఆమెకు మొగుడు లేడు, ఎప్పుడూ లేడు, కూతురు అక్రమ సంతానం. కాగితం మీద అంతే.

గమనించండి. ఆ చేతిని పేలుడు తీసుకుంది. ప్రేమని మాత్రం శత్రువు పనిగట్టుకుని, గెజిట్‌లో అచ్చేసి తీసేశాడు. ప్రేమ అంత బలహీనమైనదైతే ఫాసిస్టులు దానికోసం చట్టం రాసేవాళ్లా? ఎవరు ఎవరిని ఎలా ప్రేమించవచ్చో, ఏ పెళ్లి పెళ్లవుతుందో, విడాకులు ఉండాలో వద్దో, ఇదంతా ఆ యుద్ధంలో పణంగా ఉంది. గణతంత్రం 1932లో విడాకుల హక్కు ఇచ్చింది. ఫ్రాంకో తీసేశాడు. స్పెయిన్ ఆడవాళ్లకి అది తిరిగి వచ్చింది 1981లో.

నిదానం

రొసారియో కథ నాకు ఇంతవరకు తెలియదు. ధన్యవాదాలు.

మీరు మిగెల్ ఎర్నాండెజ్ పేరు తెచ్చారు కాబట్టి ఆయన గురించీ చెప్పాలి. ఆయన హోసెఫీనా మాన్రెసాని ప్రేమించాడు. కుట్టుపని చేసే అమ్మాయి. ఆమె తండ్రి సివిల్ గార్డు, అంటే అక్కడి ఒక రకం పోలీసు. 1936 ఆగస్టులో ఆ తండ్రిని చంపింది ఫ్రాంకో మనుషులు కాదు, గణతంత్రం వైపు మిలీషియావాళ్లు. ఆ తండ్రి చావు తర్వాత ఏడు నెలలకి, 1937 మార్చిలో, ఆమె మిగెల్‌ని పెళ్లాడింది. మిగెల్ ఆ మిలీషియాల వైపు పోరాడుతున్నవాడు. ఆ పెళ్లి రోజు ఆమె మనసులో ఏముందో ఊహించలేను. మొదటి బాబు పది నెలలకే పోయాడు. రెండో బాబుకి పాలిస్తూ, రొట్టె, ఉల్లిపాయ తప్ప తినడానికి ఏమీ లేదని ఆమె జైలుకి ఉత్తరం రాస్తే, ఆయన ఆ ఉల్లిపాయ మీదే బిడ్డకి జోలపాట రాసి పంపాడు. క్షయతో అలికాంతె జైల్లో 1942 మార్చి 28న చనిపోయాడు, 31 ఏళ్లకి. చావుకి మూడు వారాల ముందు జైలు ఆసుపత్రి మంచం మీద చర్చి పెళ్లి చేయించారు. వాళ్ల సివిల్ పెళ్లి చెల్లదు కదా, అదీ లేకపోతే హోసెఫీనా విధవ కూడా కాదు.

నేనిది ఎందుకు చెబుతున్నానంటే, బెజవాడ లైబ్రరీ గారూ, ప్రేమ పోరాటానికి బలమని మీరు ఒక్క గీత గీసేస్తే హోసెఫీనా అందులో పట్టదు. మన వైపు చేసిన హత్యని కూడా గుర్తుపెట్టుకోవాలి. అంతర్యుద్ధమంటే ఒకే ఇంట్లో రెండు శవాలు. ఆ మాట లేకుండా మిలిసియానాల ఫోటోలు చూసి మురిసిపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

కూకట్‌పల్లి రైలు

చదువుతూ వచ్చాను, ఒక్క అనుమానం. 'వెనక పనులు' అంటున్నారు, ఆ వెనక అనేది ఎక్కడుందండీ? మద్రిడ్‌లో ట్రామెక్కి ఫ్రంటుకి వెళ్లొచ్చేంత దూరం. 1937 ఫిబ్రవరిలో మాలగా నుంచి అల్మేరియాకి నడిచిపోతున్న జనం మీద ఓడల నుంచి, విమానాల నుంచి కాల్చారు. ఏప్రిల్ 26న గెర్నికా మీద బాంబులు వేశారు. అక్కడ చచ్చినవాళ్లు ఫ్రంటులో ఉన్నారా?

యుద్ధం అయిపోయాక కూడా ఆగలేదు. 1939 ఆగస్టు 5న మద్రిడ్‌లో పదమూడు మంది ఆడవాళ్లని స్మశానం గోడ దగ్గర కాల్చేశారు. సగానికి పైగా ఇరవై ఒకటి నిండనివాళ్లు. ఆ పదమూడు మందిలో బ్లాంకా బ్రిసాక్ అనే ఆమె పియానో వాయించేది. భర్త ఎన్రికే కూడా సంగీతకారుడే. ఇద్దరినీ ఒకే రోజు కాల్చారు. పదకొండేళ్ల కొడుకు మిగిలాడు. ఇంకో అమ్మాయి హూలియా కొనేసా, తన పేరు చరిత్రలో చెరిగిపోకూడదని అమ్మకి రాసింది. తుపాకీ ఇవ్వకుండా వెనక్కి పంపితే ప్రాణమైనా దక్కిందా అంటే అదీ లేదు.

డాక్టరమ్మ, వరంగల్

నైట్ డ్యూటీలో కాస్త ఖాళీ దొరికింది. నిదానం గారు చెప్పిన హోసెఫీనా సంగతి చాలా అవసరమైన మాట. ప్రేమ ఒక పక్షం సొత్తు కాదు. కానీ ఒక తేడా ఉంది. ఆమె తండ్రిని చంపింది అదుపు తప్పిన మిలీషియా. రొసారియో పెళ్లిని చెరిపింది ప్రభుత్వం. మొదటిది నేరం, రెండోది చట్టం. ఈ రెండూ ఒకే తక్కెట్లో పెట్టలేను.

నిదానం

ఒకే తక్కెట్లో పెట్టమనలేదండీ. రెండూ చెప్పమన్నాను. తండ్రిని పోగొట్టుకున్న అమ్మాయికి మీ తేడా ఓదార్పు ఇవ్వదు. అయినా మీ మాటలో న్యాయం ఉంది.

జవాన్ బిడ్డ, విజయనగరం

రెండు రోజులుగా ఆలోచిస్తున్నా. నా మాటలో సగం మీద ఇంకా నిలబడే ఉన్నాను. సైన్యం కావాలి, ఒకే ఆజ్ఞ కావాలి. 1936లో అది లేకపోతే అంతా పోయేది.

రెండో సగం మీద నిలబడలేను. ఆ తపాలా సంచి మాట నన్ను వదల్లేదు. 1999లో నాన్న కార్గిల్ వైపు ఉన్నప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పోస్ట్‌మ్యాన్ మా వీధి మలుపు తిరిగేసరికి అమ్మ చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేది. ఉత్తరం వచ్చిన రోజు ఇంట్లో పప్పుచారు వేరే రుచి. నాన్న తిరిగొచ్చాక ట్రంకుపెట్టె తెరిస్తే అమ్మ రాసినవన్నీ ఒక పాలిథిన్ కవర్లో, మడతల దగ్గర చిరిగిపోయి ఉన్నాయి. రాత్రి కాపలాకి వెళ్లే ముందు చదువుకునేవాణ్ణని చెప్పారు. నిన్న ఫోన్ చేసి, ఆ ఉత్తరాల వల్ల మీరు బలహీనపడ్డారా నాన్నా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "అవి లేకపోతే ఆ చలిలో ఎందుకు కూర్చున్నానో మర్చిపోయేవాణ్ణి రా" అన్నారు.

పక్కనే ప్రేమించిన మనిషి ఉంటే పోస్టు వదిలేస్తాడన్న మాట మాత్రం ఇంకా తేల్చుకోలేదు. మికా వదల్లేదు, అది చూశాను. అందరూ మికాలు కాదు కదా.

మూసీ ఒడ్డు, సూర్యాపేట

అన్నా, దోస్తు పక్కన పడిపోతే గూడ పోస్టు ఇడిసి ఉరికేటోడు ఉరుకుతడు. దోస్తానా వద్దని సైన్యంల ఎవలన్న రూలు పెట్టిండ్రా?

జవాన్ బిడ్డ, విజయనగరం

పెట్టలేదు తమ్ముడూ. స్నేహాన్నయితే నేర్పుతారు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

బెజవాడ లైబ్రరీ

కూకట్‌పల్లి రైలు గారు వేరే మెసేజిలో అడిగారు, రొసారియో తర్వాత ఏమైందని. అందరికీ పనికొస్తుందని ఇక్కడే చెబుతున్నా. జైలు నుంచి వచ్చాక కూతుర్ని పెంచుకుంది. చాలా ఏళ్లు మద్రిడ్‌లో, వయ్యెకాస్ అనే కార్మికుల పేటలో పొగాకు దుకాణం నడిపింది. ఒంటిచేత్తో సిగరెట్ పెట్టెలందించే ఈ ముసలావిడ మీదే మిగెల్ ఎర్నాండెజ్ కవిత అని కొనుక్కుపోయేవాళ్లలో ఎంతమందికి తెలుసో. 2008 ఏప్రిల్‌లో, 89వ పుట్టినరోజుకి కొద్ది రోజుల ముందు పోయింది.

నిదానం గారూ, మీరన్నట్టు నేను గీసిన గీత మరీ తిన్నగా ఉంది. వచ్చే ఆదివారం సమావేశంలో రొసారియోతో పాటు హోసెఫీనా గురించీ చెబుతాను. ఆ పెద్దాయనకి నిన్న సాయంత్రం ఫోన్ చేశాను. వస్తానన్నారు. వాళ్లావిడ రాసిన పాత ఉత్తరాలు తన దగ్గర ఇంకా ఉన్నాయని, నేను అడక్కుండానే చెప్పారు.